మౌలాలి నుంచి మాడ్రిడ్‌కు... మధ్యలో తార్నాక

మౌలాలి: ఈ ప్రాంతంలో పాతతరం వారికి ఇప్పటికీ అది 'ఇస్టేషన్'. పిల్లలు వెళ్లేది 'ఇస్కూలు'. కాన్వెంటులో చదివే మనవలు నవ్వి దిద్దుతారు. తాతలు మాత్రం మారరు. అయితే ఏడెనిమిది వేల కిలోమీటర్ల అవతల స్పెయిన్ దేశంలో ఒక జాతి జాతి మొత్తం ఈ తాతల లాగే మాట్లాడుతుంది. వారి భాషలో స్టేషన్‌ను 'ఎస్తాసియోన్' అంటారు. బడి 'ఎస్కువేలా', విద్యార్థి 'ఎస్తుదియాంతె'. మాట మొదట్లో 'స' పక్కన మరో హల్లు వస్తే ముందు ఒక అచ్చు చేర్చుకోనిదే వారికి నోరు తిరగదు. అక్కడి పిల్లలు ఇంగ్లీషు మొదలుపెట్టినప్పుడు 'ఎస్కూల్', 'ఎస్టూడెంట్' అంటారు. వారిని దిద్దడానికి వెళ్లే ఇంగ్లీషు టీచరు మౌలాలి నుంచో నాచారం నుంచో వెళ్లినవారైతే ఆ తప్పు ఎక్కడ పుడుతుందో విడమరచి చెప్పనక్కర లేదు. ఇంట్లో విన్నదే.

విదేశంలో ఉంటూ పగలు ఇంగ్లీషు నేర్పడం, సాయంత్రం స్పానిష్ నేర్చుకోవడం అమెరికా, ఇంగ్లండు యువతకు చాలాకాలంగా అలవాటైన దారి. డిగ్రీ కాగానే ఏడాదో రెండేళ్లో స్పెయిన్‌కో మెక్సికోకో వెళ్లి, బడిలో ఇంగ్లీషు చెప్పి, అద్దె గదిలో ఉండి, ఆ దేశపు భాషతో ఇంటికి తిరిగివస్తారు. మన పిల్లలకు ఈ దారి అంతగా తెలియదు. తెలిసిన దారి ఒక్కటే. ఇంజనీరింగు, జీఆర్ఈ, అమెరికా. కాగా, ఇంగ్లీషు నేర్పడమెలాగో, స్పానిష్ మాట్లాడడమెలాగో రెండూ ఒకే ఆవరణలో నేర్పే విద్యాలయం మౌలాలికి కూతవేటు దూరంలో తార్నాకలో ఉండడం విశేషం.

సీఫెల్ నుంచి ఇఫ్లూ

పాతవారు దానిని 'సీఫెల్' అంటారు. కొత్తవారికి అది 'ఇఫ్లూ'. 1958లో కేంద్ర ప్రభుత్వం బ్రిటిష్ కౌన్సిల్, ఫోర్డ్ ఫౌండేషన్‌ల సహాయంతో సెంట్రల్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పేరిట దీనిని నెలకొల్పింది. దేశంలోని ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం అప్పటి లక్ష్యం. తొలి రోజుల్లో ప్రసిద్ధ కన్నడ కవి వి.కె.గోకాక్ దీనికి డైరెక్టరుగా ఉన్నారు. ఇంగ్లీషు బోధన సంస్థను కన్నడ కవి చేతిలో పెట్టడం బహుశా ఆ కాలానికే చెల్లింది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి పేరు పొడుగైంది. 2006లో పార్లమెంటు చేసిన చట్టం 2007లో అమలులోకి వచ్చి కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఫ్రెంచి, జర్మన్, రష్యన్, అరబిక్, జపనీస్ భాషలతో పాటు స్పానిష్ కూడా ఇక్కడ బి.ఏ. మొదలు పరిశోధన దాకా చదవవచ్చు. రెగ్యులర్‌గా చేరలేని వారికి పార్ట్‌టైం సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉన్నాయి. ఇంగ్లీషు టీచర్ల కోసం పీజీసీటీఈ, పీజీడీటీఈ అనే కోర్సులు వేరుగా ఉన్నాయి.

ఈ విద్యాలయానికీ మౌలాలికీ ఒక పాత చుట్టరికం కూడా ఉంది. మౌలాలి గుట్ట కింద సమాధి ఉన్న మహలఖా బాయి చందా (1768-1824) పేరు ఈ ప్రాంతంలో వినని వారుండరు. నిజాం దర్బారులో గౌరవం పొందిన నర్తకి, ఉర్దూ కవయిత్రి. ఆమె జాగీరు అడిక్‌మెట్ దాకా విస్తరించి ఉండేది. ఆమె పేరుతో పిలిచే మెట్లబావి ఈనాటికీ ఇఫ్లూ ఆవరణలో ఉంది. 1799లో ఆమె తన గజళ్ల రాతప్రతిని జాన్ మాల్కమ్ అనే బ్రిటిష్ అధికారికి బహూకరించింది. అది ఇప్పుడు లండన్‌లో ఉంది. బ్రిటిష్ దొర ఉర్దూ చదవగలడని ఆమె నమ్మిందన్న మాట. గుట్ట కింద ఆమె సమాధిని అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేయించారు.

తెలుగువాడికి స్పానిష్ కష్టమా?

స్పానిష్ మాతృభాషగా గలవారు ప్రపంచంలో సుమారు 50 కోట్ల మంది. 20 దేశాలలో అది అధికార భాష. ఇంతటి భాష మనకు కొరుకుడు పడుతుందా అని భయపడేవారు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఇంగ్లీషువాడి కంటే తెలుగువాడి నోరే స్పానిష్‌కు దగ్గర.

స్పానిష్‌లో 'ట', 'డ' లేవు. 'త', 'ద' మాత్రమే ఉన్నాయి. టమాటాను 'తోమాతె' అంటారు. మాడ్రిడ్ అని మనం ఇంగ్లీషువారిని చూసి అంటున్నాం కాని ఆ ఊరివాళ్లు పలికేది 'మద్రిద్'. ఇంగ్లీషు దొరలకు ఈ 'త' పట్టుబడడానికి చాలా కాలం పడుతుంది. మనకు అక్షరాభ్యాసం నాడే వచ్చింది. అచ్చులు అయిదే. మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. రాసినట్టే చదవడం, చదివినట్టే రాయడం. 'పెరో' అంటే 'కానీ'. అదే 'ర'ను గట్టిగా అదిరించి 'పెఱ్ఱో' అంటే 'కుక్క'. పెద్దబాలశిక్షలో తప్ప ఎక్కడా కనిపించకుండా పోయిన మన బండి 'ఱ' ఇక్కడ అక్కరకు వస్తుంది.

వ్యాకరణంలో మరింత చుట్టరికం కనిపిస్తుంది. తెలుగులో 'మాట్లాడతాను' అంటే చాలు, 'నేను' చెప్పనక్కర లేదు. స్పానిష్‌లోనూ అంతే. 'ఆబ్లో' అంటే మాట్లాడతాను, 'ఆబ్లాస్' మాట్లాడతావు, 'ఆబ్లామోస్' మాట్లాడతాం. కర్త క్రియలోనే దాక్కుంటాడు. 'నువ్వు', 'మీరు' తేడా 'తూ', 'ఉస్తెద్' రూపంలో ఉంది. 'నాకు కాఫీ ఇష్టం' అనే మాటను ఇంగ్లీషులో చెప్పాలంటే 'నేను'తో మొదలుపెట్టాలి. స్పానిష్‌లో 'మె గుస్తా ఎల్ కఫే' అంటారు. అక్కడా 'నాకు' అనే మొదలవుతుంది.

'ఉండు' క్రియ సంగతి మరీ తమాషా. స్పానిష్‌లో దానికి రెండు క్రియలున్నాయి, సెర్, ఎస్తార్ అని. ఏది ఎప్పుడు వాడాలో తెలియక ఇంగ్లీషు వాళ్లు ఏళ్ల తరబడి తికమక పడతారు. తెలుగువాడికి చాలా చోట్ల ఒక చిట్కా పనిచేస్తుంది. 'నేను టీచర్ని' అన్నప్పుడు మనం 'ఉన్నాను' అనం. అక్కడ సెర్. 'నేను ఇంట్లో ఉన్నాను', 'అలసిపోయి ఉన్నాను' అన్నప్పుడు అంటాం. అక్కడ ఎస్తార్. ఈ చిట్కా ఇంగ్లీషులో అచ్చయిన పాఠ్యపుస్తకాలలో కనిపించదు. ఉండడానికి వీలూ లేదు.

అంతా పూలబాట అనుకుంటే పొరపాటు. వస్తువులకు కూడా ఆడ, మగ తేడా ఉండడం మనవారిని ఏడిపిస్తుంది. బల్ల ఆడది, పుస్తకం మగవాడు. 'మానో' అంటే చెయ్యి, చివర 'ఓ' ఉన్నా ఆడదే. 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఆడవారినీ వస్తువులనూ ఒకే గాటన కట్టే భాషలో పుట్టిన వారికి ఇది కొత్త. 'వస్తే బాగుండు', 'రావాలని కోరిక' లాంటి సందర్భాలలో క్రియ రూపమే మారిపోతుంది. దీని దగ్గర చాలామంది కోర్సు మానేస్తారు. మూడు నెలల్లో స్పానిష్ అని గోడల మీద అంటించే ప్రకటనలలో ఈ భాగం ఉండదు.

నారింజ, బైంగన్, తువాలు

మాటలలోనూ చాలా ఊళ్లు తిరిగి వచ్చిన చుట్టాలున్నారు. నారింజను స్పానిష్‌లో 'నరాంహ' అంటారు. మన వైపు నుంచి బయల్దేరిన మాట పారశీకం, అరబ్బీల మీదుగా స్పెయిన్ చేరింది. ఎనిమిదో శతాబ్ది నుంచి 1492 దాకా ఆ దేశంలో ఏదో ఒక భాగాన్ని అరబ్బీ మాట్లాడే రాజులు ఏలారు. మౌలాలి సంతలో 'బైంగన్' అని అడిగితే వంకాయలు తూచి ఇస్తారు. స్పెయిన్ సంతలో 'బెరెన్‌హేన' అని అడగాలి. రెండూ ఒకే మూలం నుంచి చీలిన కొమ్మలు. 'ఓహలా' అనే స్పానిష్ మాట ఉంది. 'అలా జరిగితే బాగుండు' అని అర్థం. అందులో అల్లా పేరు దాగి ఉంది. రోజుకు పదిసార్లు 'ఇన్షా అల్లా' వినే మౌలాలి వాసులకు దీనిని వివరించనక్కర లేదు.

పోర్చుగీసు వారు మన తీరానికి తెచ్చిన మాటలు సరేసరి. స్పానిష్‌కు పోర్చుగీసు తోబుట్టువు కనుక మన తువాలు అక్కడ 'తోఆయా', బొత్తాం 'బోతోన్', మేస్త్రీ 'మఏస్త్రో'. అయితే స్పెయిన్‌లో మఏస్త్రో అంటే తాపీ పట్టేవాడు కాదు, ప్రైమరీ స్కూలు మాస్టారు. మౌలాలి నుంచి వెళ్లి అక్కడ ఇంగ్లీషు చెప్పేవారిని పిల్లలు పిలిచేది ఆ పేరుతోనే. లేదా నేరుగా పేరు పెట్టి పిలుస్తారు. టీచరును 'నువ్వు' అనడం అక్కడ మామూలు. 'మేడమ్, మేడమ్' అనే తరగతుల నుంచి వెళ్లిన వారికి మొదటివారం ఇది మింగుడుపడదు.

'పుట్టుకతో ఇంగ్లీషు వచ్చా?'

అసలు చిక్కు ఇక్కడే ఉంది. విదేశాలలో ఇంగ్లీషు బోధన ఉద్యోగాల ప్రకటనలలో చాలావాటికి ఒక షరతు ఉంటుంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారే కావాలన్నది ఆ షరతు. మాతృభాష అంటే వాడుకలో పాస్‌పోర్టు అనే అర్థం. దక్షిణ కొరియా తన ఇంగ్లీషు బోధన వీసాను అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల వారికే పరిమితం చేసింది. 2010లో అమలులోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందంలో భారతీయ ఉపాధ్యాయులకు సహాయ ఇంగ్లీషు టీచర్లుగా కొంత చోటు దొరికింది. బోధన అర్హత చూపాలన్న నిబంధనతో. ఏడు దేశాల వారికి ఏదైనా డిగ్రీ సరిపోతుంది. మనవారికి టీచరు డిగ్రీ కావాలి. ఈ తేడా ఎందుకో ఆ ప్రభుత్వాలే చెప్పాలి.

ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాడు మంచి టీచరు అవుతాడన్న నమ్మకానికి ఆధారం బలహీనం. తెలుగు మీడియంలో చదివి, 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అని దెబ్బలు తిని, ప్రశ్నలో 'డూ' ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకున్న మనిషికి ఆ చిక్కు ఎక్కడుందో తెలుసు. స్పెయిన్ పిల్లలకూ ప్రశ్నలో 'డూ' ఉండదు. గొంతు పెంచితే చాలు, ప్రశ్న అవుతుంది. దారి కష్టపడి నడిచినవాడే గుంతలు చూపగలడు. 1958లో తార్నాకలో సంస్థ పెట్టినప్పుడు అనుకున్నది కూడా ఇదే కదా, మన పిల్లలకు ఇంగ్లీషు చెప్పవలసింది మన టీచర్లేనని.

తార్నాక నుంచి ఈ పని దేశం దాటి వెళ్లింది కూడా. 1964లో మొదలైన భారత ప్రభుత్వ సాంకేతిక సహకార కార్యక్రమం ఐటెక్ కింద అనేక దేశాల అధికారులు, టీచర్లు ఇక్కడికి వచ్చి ఇంగ్లీషు నేర్చుకున్నారు. 2000 తరువాతి దశాబ్దంలో వియత్నాం, లావోస్, కాంబోడియా, మయన్మార్‌లలో భారత ప్రభుత్వం ఇంగ్లీషు శిక్షణ కేంద్రాలు తెరిచినప్పుడు ఆ బాధ్యతను ఈ సంస్థకే అప్పగించారు. అంతకు ముందే, ఇథియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో భారతీయ మాస్టార్లు పెద్ద సంఖ్యలో బడులు నడిపారు. అక్కడెవరూ పుట్టుక గురించి అడగలేదు.

స్పెయిన్ విద్యాశాఖ ఏటా విదేశీ యువతను 'సంభాషణ సహాయకులు'గా బడుల్లోకి తీసుకుంటుంది. వారానికి పన్నెండు నుంచి పదహారు గంటల పని, నెలనెలా కొంత భత్యం. ఎక్కువ స్థానాలు అమెరికా వారికి పోతాయి. భారతీయులకు కొద్దిపాటి స్థానాలు దక్కిన సంవత్సరాలున్నాయి. స్పానిష్ చదివిన వారికి ఇది మంచి అవకాశం. తరగతిలో టీచరు పక్కన నిలబడి పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడించడమే పని. పిల్లల తప్పులు కొన్ని నవ్వు తెప్పిస్తాయి. స్పానిష్‌లో 'ఎంబరసాద' అంటే గర్భవతి. సిగ్గేసిందని ఇంగ్లీషులో చెప్పబోయి కొందరు ఆ మాట దగ్గర బోల్తా పడతారు. 'కాన్స్‌తిపాదో' అంటే మలబద్ధకం కాదు, జలుబు. కొత్త టీచరు కంగారు పడి డాక్టరును పిలవకుంటే చాలు.

బార్సిలోనా వైపు వేసినవారికి ఇంకో విడ్డూరం ఎదురవుతుంది. అక్కడి బడుల్లో పాఠాలు నడిచేది ముఖ్యంగా కటలాన్ భాషలో. స్పానిష్ పట్టుబట్టి నేర్చుకుని వెళ్తే టీచర్ల గదిలో మరో భాష వినిపిస్తుంది. 1918లో ఉర్దూ మీడియంతో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ పక్కన పెరిగిన వారికి ఈ సంగతి వింతగా తోచదు.

అనంతపురంలో తిరగేసిన కథ

ఇదే కథ మన రాష్ట్రాలలో తిరగబడి కూడా నడిచింది. బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంతే ఫెర్రర్ 1952లో జెసూట్ మిషనరీగా బొంబాయి వచ్చారు. 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 1969లో తిరిగి వచ్చి కరువు సీమ అనంతపురంలో స్థిరపడ్డారు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అలా పుట్టింది. ఆయన భార్య ఆన్ ఇంగ్లండులో పుట్టిన పత్రికా విలేకరి. ఇంటి యజమాని స్పానిష్, ఇల్లాలు ఇంగ్లీషు, ఊరు తెలుగు. వారి కుమారుడు తెలుగు ధారాళంగా మాట్లాడతాడు. 2009లో ఫెర్రర్ మరణించినప్పుడు పల్లెలు కదలివచ్చాయి. ఆయనను బత్తలపల్లిలో ఖననం చేశారు.

స్పెయిన్ దాతలకూ అనంతపురం పల్లెల పిల్లలకూ మధ్య ఉత్తరాలు నడవాలంటే స్పానిష్ తెలిసిన తెలుగువారు కావాలి. ఆ అవసరం నుంచి స్పానిష్ మాట్లాడే తెలుగు యువతీ యువకులు తయారయ్యారు. ఆ సంస్థ అనంతపురంలో గ్రామీణ పట్టభద్రుల కోసం ఇంగ్లీషు, స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ నేర్పే పాఠశాలను నడిపింది. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు రైతుకూలీల పిల్లలు ఏడాది శ్రమపడి విదేశీ భాషతో ఉద్యోగాలలో చేరారు. తార్నాకకు రెండు బస్సు స్టాపుల దూరంలో ఉండి ఆ గేటు లోపల ఏముందో తెలియని వారు మనలో ఎందరో.

పి.వి.నరసింహారావు స్పానిష్ నేర్చుకున్న సంగతి చాలామందికి తెలుసు. 'వేయిపడగలు'ను హిందీలోకి తెచ్చిన ఆయనకు ఉద్యోగం కోసం ఆ భాష అక్కర లేదు. మామూలు మనుషుల లెక్క వేరు.

ఉద్యోగం దొరుకుతుందా?

ఏ ఇంట్లోనైనా తండ్రి అడిగే ప్రశ్న ఇదే. అడగవలసిందే. హైదరాబాదులోని విదేశీ కంపెనీల సేవా కేంద్రాలలో స్పానిష్ తెలిసిన వారికి, ఇంగ్లీషు మాత్రమే తెలిసిన వారికంటే కొంత ఎక్కువ జీతం ఇవ్వడం ఆనవాయితీ. ఉప్పల్ వైపు ఇలాంటి కార్యాలయాలున్నాయి. డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2005లో మెక్సికోలోని కుయెర్నవాకాలో రోష్ కంపెనీ మందుల ఫ్యాక్టరీని కొన్నది. టీసీఎస్ 2002లో ఉరుగ్వే రాజధాని మోంటెవిడియోలో, ఇన్ఫోసిస్ 2007లో మెక్సికోలోని మోంటెరేలో కేంద్రాలు తెరిచాయి. అలాంటి ఊళ్లకు వెళ్లిన మన ఇంజనీర్లు ఆఫీసులో ఇంగ్లీషుతో నెట్టుకు వస్తారు. ఇంటద్దె దగ్గర, కూరగాయల దగ్గర స్పానిష్ తప్పదు.

రెండోవైపూ చూడాలి. 2016 తరువాత కంప్యూటరు అనువాదాలు బాగా మెరుగుపడ్డాయి. పేజీకి ఇంత అని చేసే చిన్నా చితకా అనువాదం పనికి గిరాకీ తగ్గింది. నాలుగు మాటలు వచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుంటే ఇక చాలదు. ఫోన్‌లో అవతలి మనిషి కోపాన్ని అర్థం చేసుకుని సర్దిచెప్పగలిగినవారికి, తరగతిలో నిలబడి చెప్పగలిగినవారికి పని ఉంది. అది యూరప్ కొలతల్లో బీ2 స్థాయి. స్పెయిన్ ప్రభుత్వం తరఫున సెర్వాంతెస్ సంస్థ ఇచ్చే 'దెలె' డిప్లొమాకు గడువు తీరిపోవడం ఉండదు. ఆ సంస్థ కేంద్రం ఢిల్లీలో 2009 నుంచి ఉంది. రెగ్యులర్‌గా బి.ఏ. చేయగలిగితే పార్ట్‌టైం సర్టిఫికెట్ కంటే అదే మేలు. ఫీజు పరంగా కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రైవేటు కోచింగులతో పోల్చదగినది కాదు.

వెళ్లదలచినవారు కాగితాలతో ముందుగానే తంటాలు పడాలి. డిగ్రీ పట్టా మీద రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ 'అపోస్టిల్' ముద్ర పడాలి. భారతదేశం 2005లో ఆ ఒప్పందంలో చేరింది కనుక స్పెయిన్ దానిని అంగీకరిస్తుంది. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ కావాలి. ఇవన్నీ స్పానిష్‌లోకి అక్కడి ప్రభుత్వం గుర్తించిన అనువాదకుల చేతనే అనువదింపజేయాలి. ఇక పేర్ల సంగతి. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, తండ్రిదొకటి, తల్లిదొకటి. దరఖాస్తులో రెండింటికీ వేరు వేరు గడులుంటాయి. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా రాసే మనవారు పాస్‌పోర్టులో దానిని పూర్తిగా రాయించుకోవడం మంచిది. రెండో గడిని ఖాళీగా వదలవచ్చు.